చంద్రగిరి కోటలో ఆ పచ్చిక ఎవరిది?

మన ప్రాంతం కథల్లో ఈసారి చంద్రగిరికి పోదాం. తిరుపతి నుంచి 12 కిలోమీటర్లు, బండి మీద అరగంట. మీలో చాలామంది ఇప్పటికే పోయుంటారు. స్కూల్ ఎక్స్‌కర్షన్‌లో ఒకసారి, కాలేజీ ఫ్రెండ్స్‌తో ఒకసారి, ఊరి నుంచి చుట్టాలొస్తే తిరుమల దర్శనం అయ్యాక ఇంకోసారి.

అక్కడికి ఎందుకు పోతారని తిరుపతిలో ఎవరినైనా అడిగి చూడండి. "పార్కు బాగుంటుంది, చెట్ల కింద కాసేపు కూర్చోవచ్చు, ఫోటోలు సూపర్‌గా వస్తాయి" అంటారు. రాజుల సంగతి తర్వాత. అంటే మనకి చంద్రగిరి ముందు పార్కు, ఆ తర్వాతే కోట. నాకు ఇందులో తప్పేం కనపడదు. కానీ ఒక ప్రశ్న మాత్రం వస్తుంది. రాజ మహల్ ముందర అంత విశాలంగా పరిచిన ఆ పచ్చిక ఎవరిది? రాజుగారి తోటేనా? లేక తర్వాత ఎవరో వేసిందా? ఒకప్పుడు కాపలా దాటి లోపలికి పోవడానికే వీల్లేని చోట ఇప్పుడు మనం టికెట్ కొనుక్కుని దర్జాగా కూర్చుంటున్నాం. ఆ హక్కు మనకి ఎప్పుడొచ్చింది, ఎవరిచ్చారు?

ఈ రోజు మాట్లాడేది దీని గురించే. తోట కథ చెప్తాను, కోట కథ దాంతోపాటే వస్తుంది.

ముందు ఒక చిన్న లెక్క పెట్టుకుందాం. మన ప్రాంతంలో చరిత్ర మొత్తం మీద మూడు రకాల తోటలు ఉన్నాయి. ఒకటి దేవుడి తోట. రెండోది రాజుగారి తోట. మూడోది జనం తోట, అంటే మనం పార్కు అని పిలిచేది. మొదటి రెండూ చాలా పాతవి. మూడోది మాత్రం నిన్న మొన్నటిది. మన ముత్తాతల కాలంలో "ఊరికే కూర్చోడానికి ఒక తోట" అంటే వింతగా చూసేవాళ్లేమో. తోట అంటే కాయ ఇవ్వాలి, లేకపోతే పువ్వు ఇవ్వాలి. ఏమీ ఇవ్వని గడ్డికి రోజూ నీళ్లు పోయడమేంది అని అడిగేవాళ్లు.

దేవుడి తోటతో మొదలుపెడదాం. దీనికి మనకి చాలా దగ్గర ఉదాహరణ తిరుమల. రామానుజాచార్యుల శిష్యుడు అనంతాళ్వార్ కథ మీరు వినే ఉంటారు. స్వామికి పూలతోట పెంచడానికి ఆయన కొండ మీద ఉండిపోయాడు. తోటకి నీళ్లు కావాలని చెరువు తవ్వడం మొదలుపెట్టాడు. గర్భిణిగా ఉన్న భార్య మట్టి మోస్తా ఉంటే, ఒక చిన్నపిల్లాడు వచ్చి నేను మోస్తానన్నాడట. ఈ సేవలో వేరేవాళ్ల చెయ్యి పడకూడదని అనంతాళ్వార్ కోపంతో గునపం విసిరితే పిల్లాడి గడ్డానికి తగిలింది. తర్వాత గుళ్లోకి పోయి చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం. అందుకే ఇప్పటికీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం పెడతారని చెప్తారు. ఆ గునపాన్ని మహాద్వారం దగ్గర గోడకి వేలాడదీశారు. ఈసారి క్యూలో పోయేటప్పుడు కుడిపక్క తలెత్తి చూడండి.

ఇది భక్తి కథ. కానీ తోటల చరిత్ర కోణంలో చూస్తే ఇందులో రెండు విషయాలున్నాయి. ఒకటి, తోట కంటే ముందు చెరువు తవ్వాలి. రెండు, ఆ తోట అందరిదీ కాదు. సాయం చేస్తానని వచ్చినా గునపం దెబ్బే. తిరుమలలో పూలు మనుషులు పెట్టుకోకూడదు, ప్రతి పువ్వూ స్వామికే అనే ఆచారం ఈ రోజుకీ ఉంది కదా, అదే సంగతి. దేవుడి తోటలో మనం సేవకులం. సందర్శకులం కాదు.

ఇప్పుడు రాజుగారి తోట. చంద్రగిరి కోట క్రీస్తుశకం 1000 ప్రాంతంలో యాదవరాజుల కాలంలో మొదలైందని చెప్తారు. కానీ దానికి పెద్ద పేరొచ్చింది విజయనగర కాలంలో. ఇక్కడి నుంచి ఏలిన సాళువ నరసింహుడు 1485లో ఏకంగా విజయనగర సింహాసనమే ఎక్కాడు. తిరుపతి, తిరుమల గుళ్ల శాసనాల్లో ఆయన పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. యాత్రికులకి అన్నం పెట్టే రామానుజకూటాలు పెట్టించాడు. ఆ శాసనాలు చదివితే ఇంకో ముఖ్యమైన పద్ధతి తెలుస్తుంది. రాజులూ భక్తులూ గుడికి ఇచ్చిన డబ్బుని చాలాసార్లు గుడి ఊళ్లలో చెరువులూ కాలువలూ బాగుచేయడానికి వాడేవాళ్లు. నీళ్లొస్తే పంట పెరుగుతుంది, ఆ పెరిగిన పంటలోంచి నైవేద్యం వస్తుంది. మన రాయలసీమలో అప్పుడూ ఇప్పుడూ అసలు ఆస్తి నీళ్లే.

1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత విజయనగరం పాడైపోయింది. రాజధాని పెనుకొండకి మారింది. అక్కడి నుంచి వెంకటపతి రాయల కాలంలో, అంటే 16వ శతాబ్దం చివర్లో, చంద్రగిరికి వచ్చింది. అంటే దక్షిణాదిలో అంత పెద్ద రాజ్యానికి మన చంద్రగిరి కొన్నేళ్లు రాజధాని. 1600కి కాస్త అటూ ఇటూ జెసూట్ ఫాదరీలు ఇక్కడికి వచ్చి రాయల్ని కలిశారు. ఆ వెంకటపతి రాయల విగ్రహం ఇప్పటికీ తిరుమల గుళ్లో ఉంది, కృష్ణదేవరాయల విగ్రహానికి తోడుగా.

అప్పటి తోటలు ఎలా ఉండేవి? విజయనగరం రాజధాని చూసిన విదేశీయులు రాసినవి మనకి ఉన్నాయి. 1443లో పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ హంపికి వచ్చాడు. ఊరికి ఒకదాని లోపల ఒకటిగా కోట గోడలున్నాయని, బయటి గోడల మధ్యలో పొలాలూ ఇళ్లూ తోటలూ ఉన్నాయని రాశాడు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు వ్యాపారి డొమింగో పాయెస్ ఊరి మధ్యలో పారే కాలువలు, ఇళ్ల పెరళ్లు, రాజు అంతఃపురం పక్కన తాటి జాతి చెట్ల తోపు, పండ్ల చెట్లు చూశాడు. గమనించండి, వీళ్లు చెప్పిన వాటిలో గడ్డి మైదానం ఎక్కడా లేదు. అంతా నీడ, కాయ, పువ్వు, నీళ్లు.

ఇది హంపి సంగతి. చంద్రగిరిని కట్టిందీ ఏలిందీ అదే సంప్రదాయం వాళ్లు. కోటలోకి పోయి చూస్తే ఆ పోలిక తెలిసిపోతుంది. వెనకాల నిట్టనిలువుగా రాతి కొండ, దాని మీద పై కోట. కింద కందకం, దాదాపు కిలోమీటరున్నర పొడవు గోడ. లోపల రాజ మహల్, రాణీ మహల్, శిథిలమైన ఎనిమిది గుళ్లు. శైవం, వైష్ణవం రెండూ ఉన్నాయి. రాణీ మహల్ వెనక నీళ్లకి పాత బావి. ఎనిమిది గుళ్లంటే ఏమనుకుంటున్నారు? దీపం పెట్టే పూజారి, పూలమాల కట్టేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, వంటవాళ్లు, గుర్రాలకి మేత తెచ్చేవాళ్లు, కాపలా సిపాయిలు. అంటే అక్కడ ఒక ఊరు ఉండేది. ఈ రోజు మనం ఖాళీ స్థలం అనుకునేది అప్పట్లో ఖాళీ కాదు. ఆ పచ్చిక కింద ఒక ఊరు నిద్రపోతోంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

రాజ మహల్ గురించి ఒక్క మాట. మూడంతస్తుల భవనం. రాయి, ఇటుక, సున్నం. కట్టడంలో ఎక్కడా కలప వాడలేదు. ముందర వరసగా ఆర్చీలు చూస్తే మసీదుల తీరు గుర్తొస్తుంది. పైన శిఖరాలు చూస్తే గుడి గోపురం గుర్తొస్తుంది. రెండూ కలిపి కట్టడం అప్పటి విజయనగర రాజులకి మామూలు విషయం.

ఇక్కడ ఒక సరదా పోలిక చెప్పాలి. "పార్కు" అనే ఇంగ్లీషు మాటకి మొదట్లో అర్థం జనం తిరిగే చోటు కాదు. రాజులూ ప్రభువులూ వేటాడుకోడానికి కంచె వేసి పెట్టుకున్న అడవిని పార్కు అనేవాళ్లు. లండన్‌లో హైడ్ పార్కు అలాంటిదే, 8వ హెన్రీ రాజు జింకల వేట కోసం 1536లో తీసుకున్నాడు. దాన్ని 1637లో 1వ ఛార్లెస్ రాజు జనానికి తెరిచాడు. సరిగ్గా దానికి రెండేళ్ల తర్వాత, 1639లో, అదే ఛార్లెస్ రాజ్యం నుంచి వచ్చిన ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే మన తీరంలో కోట కట్టుకోడానికి జాగా అడుగుతున్నాడు. అప్పటి రాజు పెద వెంకటరాయలు. తీరప్రాంతాన్ని ఏలుతున్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఆ జాగా ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. తర్వాత 1645లో శ్రీరంగరాయలు ఆ హక్కుని ఖాయం చేశాడు. చంద్రగిరి రాజ మహల్‌లోనే ఆ ఒప్పందం జరిగిందని మన దగ్గర గట్టిగా చెప్పుకుంటారు. ఏ గదిలో సంతకం అయిందన్నది పక్కన పెట్టినా, చెన్నై నగరం పుట్టింది చంద్రగిరి రాయల రాజ్యంలో అన్నది మాత్రం నిజం. ప్రతి ఏడాదీ ఆగస్టు 22న చెన్నై వాళ్లు మద్రాస్ డే చేసుకుంటారు. ఆ రోజు చంద్రగిరిని కూడా తలుచుకుంటే బాగుంటుంది.

సరే, తర్వాత ఏమైంది? 1646లో చంద్రగిరి గోల్కొండ చేతికి పోయింది. ఆ తర్వాత ఆర్కాటు నవాబుల చేతికి. 1758లో నవాబు తమ్ముడు అబ్దుల్ వహాబ్ ఖాన్ ఇక్కడ ఉన్నాడు. 1782లో కోట హైదర్ అలీకి లొంగిపోయింది. 1792లో శ్రీరంగపట్నం సంధి దాకా మైసూరు కిందే ఉంది.

హైదర్ అలీ పేరు వినగానే మనకి గుర్రాలు, తుపాకులు గుర్తొస్తాయి. తోటల కథలో కూడా ఆయన పెద్ద పాత్రే. బెంగళూరు లాల్‌బాగ్ మొదలుపెట్టింది ఆయనే, 1760లో. కొడుకు టిప్పు దాన్ని పెంచాడు, ఎక్కడెక్కడి నుంచో మొక్కలు తెప్పించాడు. అది రాజుగారి సొంత తోట. 1856లో ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ అయింది. ఇప్పుడు 240 ఎకరాల్లో ఎవరైనా తిరగొచ్చు. చిత్తూరు, పలమనేరు వాళ్లు బెంగళూరు పోతే లాల్‌బాగ్ చూడకుండా రారు. ఇంకో సంగతి, ఆ లాల్‌బాగ్ వేసిన హైదర్ అలీ చనిపోయింది మన చిత్తూరు దగ్గరే. 1782 డిసెంబరులో, నరసింగరాయనిపేట దగ్గర దండు విడిదిలో. చంద్రగిరి కోట చేతికొచ్చిన ఏడాదే ఆయన ప్రాణం పోయింది. ఇక్కడ తోట వేసే తీరిక ఆయనకి దొరకలేదు.

లాల్‌బాగ్‌కీ చంద్రగిరికీ తేడా ఇక్కడే ఉంది. లాల్‌బాగ్‌లో తోట ఆగకుండా నడిచింది. రాజు పోయినా తోటమాలులు ఉన్నారు, మొక్కలు బతికాయి. చంద్రగిరిలో రాజ్యం పోయాక తోటని పట్టించుకున్నవాళ్లు లేరు. నీళ్లు పెట్టేవాళ్లు లేకపోతే మన ఎండలకి తోట ఎన్ని వేసవులు బతుకుతుంది? ముళ్లకంప వస్తుంది, సీతాఫలం పొదలు వస్తాయి, గోడ సందుల్లో రావి మొలుస్తుంది. కాబట్టి ఇప్పుడు మనం చూసే పచ్చిక రాజుగారు వేసింది అనుకోడానికి లేదు.

మరి ఎవరు వేశారు? 1801లో ఈ ప్రాంతం కంపెనీ వాళ్ల చేతికి వచ్చింది. అప్పుడు మనం ఉత్తర ఆర్కాటు జిల్లా. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. బ్రిటిష్ వాళ్లు రాజ మహల్‌ని కూలిపోకుండా బాగుచేశారు. 20వ శతాబ్దం మొదట్లో టూర్ మీద వచ్చే ఆఫీసర్లు దిగడానికి దాన్ని వాడేవాళ్లు. రాయలు దర్బారు చేసిన మేడలో దొర క్యాంపు వేసి టీ తాగేవాడన్నమాట. జనానికి మాత్రం ఇంకా చోటు లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వైస్రాయ్ కర్జన్ పాత కట్టడాలని కాపాడే పని గట్టిగా మొదలుపెట్టాడు. 1904లో చట్టం కూడా తెచ్చాడు. కర్జన్ ఆగ్రాలో తాజ్‌మహల్ తోటని కూడా మార్పించాడు. మొఘలుల కాలంలో అది పండ్ల చెట్లతో, పూలమొక్కలతో నిండిన తోట. కర్జన్ కాలంలో చెట్లు తగ్గించి ఇంగ్లండ్‌లో పెద్ద బంగళాల ముందు ఉండే లాన్ లాగా చదునైన పచ్చిక చేశారు. దూరం నుంచే కట్టడం మొత్తం కనిపించాలని వాళ్ల ఆలోచన. తర్వాత దేశమంతా రక్షిత కట్టడాల చుట్టూ అదే నమూనా పాకింది. పురావస్తు శాఖకి దీనికోసమే ఒక హార్టికల్చర్ విభాగం ఉంది. మీరు గోల్కొండ పోయినా, హంపి పోయినా, చంద్రగిరి పోయినా అదే కత్తిరించిన గడ్డి, అదే అంచుల్లో పూలమొక్కలు కనిపించడానికి కారణం ఇదే.

అంటే మనం రాయల తోట అనుకుని కూర్చునేది నిజానికి ఇంగ్లీషు లాన్‌కి మనవరాలు. ఇది తెలిసినప్పుడు నాకు కాస్త నవ్వొచ్చింది. రాయలసీమ ఎండలో, కొండరాయి కింద, లండన్ గడ్డి.

అయితే ఈ గడ్డిని ఊరికే తిట్టకూడదు. దాని వల్ల లాభాలున్నాయి. పెద్ద చెట్ల వేళ్లు పునాదుల్లోకి పోతే కట్టడం పగులుతుంది, గడ్డి వేళ్లు పైపైనే ఉంటాయి. కింద పడుకున్న ఆ పాత ఊరిని కదిలించకుండా పైన దుప్పటి లాగా కప్పుతుంది. ముళ్లకంప ఉంటే పాములకి భయపడి ఎవరూ రారు, గడ్డి ఉంటే పిల్లలు పరిగెత్తుతారు. నష్టాలూ ఉన్నాయి. ఎండాకాలంలో గడ్డికి పోసే నీళ్లు తక్కువేం కాదు. సున్నం గోడ పక్కనే రోజూ తడి ఉంటే ఆ తేమ గోడలోకి ఎక్కి, ఉప్పు పొరలుగా బయటికొచ్చి పూత రాలుతుంది. కాబట్టి గోడకి ఎంత దూరంలో నీళ్లు పెడుతున్నారు, ఎక్కడ వేప, కానుగ లాంటి మన చెట్లు పెంచొచ్చు అన్నవి నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్నలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. రాజుగారి స్థలం జనం పార్కు ఎప్పుడైంది? హైడ్ పార్కుకి ఒక సంవత్సరం ఉంది, లాల్‌బాగ్‌కి ఒక సంవత్సరం ఉంది. చంద్రగిరికి అలా రిబ్బన్ కట్ చేసిన ఒక్క రోజు లేదు. మెల్లమెల్లగా అయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1958లో కొత్త పురావస్తు చట్టం వచ్చింది. 1980ల చివర్లో రాజ మహల్‌లో మ్యూజియం పెట్టారు. గుడిమల్లం, గండికోట, యాగంటి లాంటి చోట్ల నుంచి తెచ్చిన శిల్పాలు అందులో ఉన్నాయి. శుక్రవారం మ్యూజియానికి సెలవు, గమనించండి. తర్వాత టూరిజం వాళ్లు సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో తెచ్చారు. 15 ఏళ్ల లోపు పిల్లలకి టికెట్టే లేదు. ఇవన్నీ ఒక్కొక్కటిగా జరుగుతూ, ఎవరూ ప్రకటించకుండానే కోట పార్కు అయిపోయింది. తిరుపతి ఇళ్లు, హాస్టళ్లు, లాడ్జీలతో కిక్కిరిసిపోయే కొద్దీ చంద్రగిరి పచ్చిక విలువ పెరిగింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు చంద్రగిరి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. చిత్తూరు వాళ్లు మాత్రం ఇప్పటికీ మాదే అంటారు. ఇద్దరిదీ అనుకుంటే గొడవే లేదు.

దేవుడి తోటకి దేవుడున్నాడు. ఎవరైనా పువ్వు కోస్తే పాపం అన్న భయం కాపలా కాస్తుంది. రాజుగారి తోటకి బల్లెం పట్టుకున్న సిపాయి ఉన్నాడు. జనం తోటకి ఎవరున్నారు? అందరిదీ అన్నప్పుడు ఎవరిదీ కాకుండా పోయే ప్రమాదం ఉంది. ఈ కథలో అసలు కష్టం ఇదే.

హైదరాబాద్‌లో ఏం జరిగిందో చూడండి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ పక్కన కేబీఆర్ పార్కు తెలుసు కదా. అది కూడా ఒక మహల్ చుట్టూ ఉన్న స్థలమే. 1940లో నిజాం కుటుంబానికి కట్టిన చిరాన్ ప్యాలెస్ ఇప్పటికీ లోపల ఉంది. 1998లో ఆ చుట్టుపక్కల 350 ఎకరాలకి పైగా స్థలాన్ని నేషనల్ పార్కుగా ప్రకటించారు. నేషనల్ పార్కంటే ఇంక ఎవరూ ముట్టుకోరు అనుకుంటాం. కానీ 2016లో పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టే ప్లాన్ వచ్చింది. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే మామూలు మనుషులు ప్లకార్డులు పట్టుకున్నారు, నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయారు. దాంట్లో ఎవరు ఎంత గెలిచారన్నది వేరే ఎపిసోడ్. నేను చెప్పేదేంటంటే, బోర్డు మీద ఏం రాసుందో దానికంటే, ఆ బోర్డు లోపలికి రోజూ వచ్చేవాళ్లు ఎవరో అదే ముఖ్యం.

చంద్రగిరికి తిరిగొద్దాం. ఇక్కడ కాపాడాల్సింది మూడు విషయాలు.

మొదటిది గోడలు. గోడ కనపడితే చాలు, తాళంచెవితో పేరు గీకి పక్కన లవ్ గుర్తు వేసే అలవాటు మన దేశంలో ఏ కోటని వదిలిపెట్టలేదు. చట్టప్రకారం రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. భయపెట్టడానికి చెప్పట్లేదు. 400 ఏళ్ల సున్నం పూత మళ్లీ రాదు. మన పేరు మన ఇన్‌స్టాలో రాసుకుందాం, చాలు.

రెండోది చుట్టుపక్కల. తిరుపతి చంద్రగిరి వైపు పెరుగుతోంది. ప్లాట్ల బోర్డులు మీరూ చూస్తున్నారు. రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకునే కట్టాలి. 2010లో ఈ నియమాన్ని చట్టంలోనే పెట్టారు. ఇది అక్కడ సొంత స్థలం ఉన్న పేదవాడికి కష్టమే, ఇంటి మీద ఒక గది వేసుకోవాలన్నా తంటా. ఆ కష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కోట మీద ప్రేమంటే కోట పక్కన బతికే మనిషిని మర్చిపోవడం కాకూడదు. కానీ ఆ హద్దు లేకపోతే రాజ మహల్ వెనక కొండకి బదులు అపార్ట్‌మెంట్లు కనపడతాయి. మీ ఫోటో బ్యాక్‌గ్రౌండ్ కూడా అదే అవుతుంది.

మూడోది నేల. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, పచ్చిక కింద ఊరు ఉందని. స్టేజీ వేయడానికి ఒక గుంత, లైట్ స్తంభానికి ఒక గుంత, పైపు లైనుకి ఒక కాలువ. ఒక్కొక్కటీ చిన్న పనే. కానీ మట్టి పొరలు పురావస్తు శాస్త్రానికి పుస్తకం పేజీల్లాంటివి. పై పొరలో నవాబుల కాలం కుండపెంకు, దాని కింద రాయల కాలం, ఇంకా కింద యాదవరాజులు. తెలియకుండా ఒక గుంత తీస్తే పేజీలు చిరిగి కలిసిపోతాయి, ఇంక చదవలేం. అందుకే అక్కడ తవ్వకానికి పురావస్తు శాఖ అనుమతి కావాలి. మీరు పోయినప్పుడు కొత్తగా ఏదైనా తవ్వకం కనపడితే గొడవ పడక్కర్లేదు. అక్కడి సిబ్బందిని మర్యాదగా, "సార్, ఇది ఏం పని?" అని అడగండి. యజమాని తన ఇంటి గురించి అడిగినట్టే. అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తేనే సగం పని జరిగిపోతుంది.

ఈసారి పోయినప్పుడు ఇంకో పని చేయండి. రాజ మహల్ ముందు ఫోటో అయిపోగానే వెనక్కి రాకండి. రాణీ మహల్ దాకా నడవండి. దాని వెనక బావి చూడండి. శిథిలమైన గుళ్లు ఎన్ని కనపడతాయో లెక్కపెట్టండి. ఆ బావి నుంచి గుళ్ల దాకా నీళ్లు ఎలా పోయేవో, పూలతోట ఎక్కడ వేసుంటారో మీ బుర్రతో ఒక మ్యాప్ గీయండి. అప్పుడు ఆ పచ్చిక మీకు ఖాళీగా కనపడదు.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. దేవుడి తోట చరిత్ర కథల్లో ఉంది, మహాద్వారం దగ్గర గునపం కూడా సాక్ష్యంగా ఉంది. రాజుల చరిత్ర శాసనాల్లో, విదేశీయుల రాతల్లో ఉంది. మరి జనం తోట చరిత్ర? ఆ పచ్చిక మీద మొదట ఆడుకున్న పిల్లలెవరు? 1970ల్లో, 80ల్లో అక్కడ చెట్లు ఎలా ఉండేవి? గోడ ఎంత ఎత్తుండేది? దీనికి శాసనం ఎవరూ వేయించలేదు. ఇది ఉన్నది మీ ఇంట్లోనే, బీరువా పైన దుమ్ము పట్టిన ఆల్బమ్‌లో. మీ అమ్మమ్మ పెళ్లయిన కొత్తలో తాతయ్యతో కలిసి చంద్రగిరిలో దిగిన ఫోటో, మీ నాన్న ఎక్స్‌కర్షన్ గ్రూప్ ఫోటో. వాటిలో మనుషుల వెనక నిలబడి ఉన్న చెట్టు, గోడ, గడ్డి, అవే ఈ పార్కు చరిత్ర.

ఆ ఫోటోలు తీయండి. ఏ సంవత్సరమో పెద్దవాళ్లని అడిగి వెనకాల పెన్సిల్‌తో రాయండి, ఫోన్‌లో స్కాన్ చేసి పెట్టుకోండి. తర్వాత అదే చోట నిలబడి ఇప్పటి ఫోటో ఒకటి తీయండి. రెండూ పక్కపక్కన పెడితే ఏ చెట్టు పోయిందో, ఏ గోడ కూలిందో, ఏది బాగుపడిందో కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది. యజమాని దగ్గర ఇంటి కాగితాలు ఉండాలి కదా. ఈ పార్కుకి మన దగ్గరున్న కాగితాలు అవే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా ఉంటాను మరి.